బంగారు వన్నె రాయి

విశాఖపట్టణమునుండి విజయనగరమునకు పోవు పెద్దబాటమీద, ఇంచుమించు సగము దారిలో, గోస్తనీ నదియొడ్డున తగరపువలస యున్నది. బస్సులో పోవువారికి ఈ యూరు ఒక వంతెన, కొన్ని అంగళ్లు, కేకలు వేయు ఆటోవాండ్రు, ఇంతమాత్రమే. ఇచట పండ్రెండేండ్లుగా కాపురము చేయుచున్న మాకు మాత్రము ఇది విడిచి పోవ మనసురాని చోటు. మా యింటివారు బడిపంతులు. బదిలీమాట వచ్చినప్పుడెల్ల మేము మొదట తలచుకొనునది ఇంటిని గాదు, నదిని.

ఊరి పేరు వినగానే తగరమను లోహము తలపునకు వచ్చును. కాని ఇచట తగరపు గనులు లేవు. పేరును నమ్మి పలుగు పార తెచ్చుకొన్నవాడు వట్టిచేతులతో మరలవలసినదే. ఈ చిన్నమాటను మొదటనే యేల చెప్పుచున్నామనగా, ఈ వ్యాసమంతయు పేరును, వన్నెను చూచి వస్తువును నమ్మిన యొక వృత్తాంతము చుట్టును తిరుగుచున్నది.

గోస్తని అనంతగిరి కొండలలో, బొర్రా గుహల చెంత పుట్టినది. గుహ కప్పునుండి ఆవు పొదుగువలె వ్రేలాడు సున్నపురాతినుండి నీరు బొట్లుబొట్లుగా రాలుటచేత ఈ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఆ నీరు కొండలు దిగి, తాటిపూడి జలాశయమున కొంత నిలిచి, మా యూరి ప్రక్కగా పారి, ఆరేడు కిలోమీటర్లకు ఆవల భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియును. విశాఖపట్టణమువారు త్రాగు నీటిలో ఈ నదిపాలును గలదు. వేసవిలో నది సన్నగిల్లి, ఇసుకమేటల నడుమ జడపాయవలె మిగులును. అప్పుడే మా వంటి రాళ్ల పిచ్చివారికి పండుగ.

ఈ పిచ్చి మొదట మాది గాదు, మా కుమారునిది. వాడు పదవ తరగతిలో నుండగా ఒక ఆదివారమునాడు నదినుండి జేబులనిండ రాళ్లు తెచ్చి చాకలిమూటలో మరచెను. ఆ రాళ్లతో చీరలు చిరిగినవి. కోపముతో వానిని పారవేయబోయి, చేతిలోని తడిరాతిని జూచి ఆగితిమి. తడిసియున్నంతసేపు దానిలో తేనెచార, పాలచార, నడుమ పొగవంటి మబ్బు కనబడుచుండెను. ఆరగానే అది వట్టి గులకరాయి. "ఆ తడివన్నె ఎల్లకాలము నిలుచునట్లు చేయవచ్చును అమ్మా" అని వాడనెను. ఎట్లని అడిగితిమి. ఆనాటినుండి మా పెరటిలో ఒక పీపా తిరుగుచునే యున్నది.

నదిలో రాళ్లు ఏరుట చులకన పని యని తలపకుడు. వంతెనకు ఎగువను నడచునప్పుడు కన్ను నేలమీదను, కాలు ఇసుకలోను, చెవి వెనుక వచ్చు పశువులమీదను ఉండవలెను. ఎక్కువగా దొరకునది పలుగురాయి. పాలవలె తెల్లనిది, పొగచూరినది, తుమ్మజిగురు వన్నెది, ఇట్లు ఎన్నియో తెరగులు. అక్కడక్కడ మన తూర్పుకనుమల సొంతరాయి యగు ఖొండలైటు ముక్కలు కనబడును. ఈ కొండలలో నివసించు ఖోండుల పేరు మీదుగా 1902లో వాకరను భూగర్భశాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టెను. కోణార్కపు సూర్యదేవళము కట్టినది ఈ జాతి రాతితోనే. దానిలో దానిమ్మగింజలవలె ఎఱ్ఱని గార్నెట్టు పలుకులు పొదిగియుండును. రాయి శిథిలమై కొట్టుకొనిపోగా ఆ పలుకులే సముద్రమును చేరి, భీమునిపట్టణపు ఒడ్డున నల్లయిసుక నడుమ ఎఱ్ఱచారలుగా పేరుకొనును.

నది చేయుపనినే మా పీపా చేయుచున్నది. కొండనుండి విరిగిపడిన కోసురాయి వేలయేండ్లు దొర్లిదొర్లి, ఇసుకతో రాపిడిపడి గుండ్రనగును. మేము ఆ పనికి నెలదినములు పట్టింతుము. లోపల రబ్బరు తొడుగుగల చిన్నపీపాలో మూడింట రెండుపాళ్లకు మించి రాళ్లు నింపి, అవి మునిగీ మునుగనట్లు నీరు పోసి, రాపిడిపొడిని వేసి, మూత బిగించి, రెండు కడ్డీలమీద పరుండబెట్టినచో మోటారు దానిని రేయింబవళ్లు త్రిప్పును. నిమిషమునకు ముప్పది నలువది చుట్లు చాలును. వేగము హెచ్చినచో రాళ్లు ఒకదానినొకటి కొట్టుకొని పగులును. తిరగలి నెమ్మదిగా విసరినప్పుడే పిండి మెత్తగా వచ్చునని మనకు ఒకరు చెప్పనేల?

పొడి నాలుగు తరగతులు. మొదటి వారము గరుకుపొడి, రెండవ వారము నడితరము, మూడవ వారము పిండివంటిది, చివరివారము మెరుగుపొడి. మొదటి మూడును సిలికాన్ కార్బైడు. దానిని 1891లో అమెరికాలో ఆచిసన్ అనునతడు విద్యుత్తుకొలిమిలో పుట్టించెను. మెరుగుపొడి అల్యూమినియమ్ ఆక్సైడు. ఇది మనకు క్రొత్తది గాదు. మన కురువిందమే. ఆంగ్లేయులు కొరండమని పలుకు మాట కురువిందమను మన దక్షిణదేశపు మాటనుండి పోయినదే. మన పూర్వులు కురువిందపు పొడిని లక్కతో కలిపి సానచక్రములు చేసి రత్నములకు మెరుగు పెట్టిరి.

ఒక తరగతి ముగిసి మరియొకటి మొదలిడుటకు ముందు రాళ్లను, పీపాను, మూతను సబ్బునీట కడుగుటలోనే విద్యయంతయు నున్నది. గరుకుపొడి పలుకు ఒక్కటి మూతయంచున దాగి మెరుగుపీపాలో పడెనా, నెలదినముల శ్రమ గీతలపాలు. పాలకుండ కడుగుటలో పెరుగుబొట్టు మిగిలినట్లే. ఆ బురదనీటిని తూములో పోయరాదు. అది సిమెంటువలె గట్టిపడును. మేము మొదటిమారు వంటయింటి తూములో పోసి, మూడుదినములు అంట్లు బావివద్ద తోముకొంటిమి. తరువాత పెరటిలో గుంట తీసి అందు పోయుచున్నాము.

ఇక అసలు కథ. గత వేసవిలో మా పిన్నిగారు చిట్టివలసనుండి నడచివచ్చిరి. మామూలుగా వచ్చునప్పుడు ఆమె చేతిలో జున్నుపాల గిన్నెయైనను ఉండును. ఆనాడు పట్టుగుడ్డలో చుట్టిన మూట యొకటి యుండెను. ఆమెకు ఇద్దరు కొడుకులు దూరదేశముల కూలిపనులలో నున్నారు. రెండు గేదెల పాడితో ఇల్లు నడుపుకొనుచు, మనుమరాలిని దాదిచదువు చదివింపవలెనని పాలపైకములో రోజునకు ఇంతయని దాచుచుండిరి.

మూట విప్పగా లోపల పిడికెడు రాయి, చేతి గొలుసొకటి కనబడినవి. రాయి నిండ పాచికలవంటి పలకలు ఒకదానిమీద ఒకటి పుట్టుకొని వచ్చినట్లుండెను. ఆ పలకలు ఒకప్పుడు ఇత్తడి తోమినట్లు మెరసియుండవలెను. ఇప్పుడు వానిమీద గోధుమవన్నె పొర కమ్మియున్నది. గొలుసుపూసలు మరింత నల్లబడినవి.

"బాబూ! నీ యంత్రములో వేసి దీనికి వెనుకటి మెరుగు తెప్పింపవలెను" అని ఆమె మా కుమారునితో అనిరి. ఎచట కొన్నారని మేము అడిగితిమి. ఫోనులో వచ్చిన ప్రకటన చూచి తెప్పించితిననియు, ఇంట నుంచుకొన్న ధనమును ఆకర్షించుననియు, గొలుసు ధరించిన అప్పులు తీరునని వారు చెప్పిరనియు ఆమె మెల్లగా చెప్పిరి. వెల యెంతయని అడుగగా తలవంచుకొని, "ఆరువేల నాలుగువందలు" అనిరి. అది మనుమరాలి రుసుమునకు దాచిన సొమ్ము. నెల తిరుగకమునుపే రాయి మసకబారినది. అమ్మినవారికి తెలుపగా, అది మీ యింటి దృష్టిదోషమును పీల్చుకొని నల్లబడినదనియు, ఇంకొకటి కొనవలెననియు బదులిచ్చిరట. ఇంకొకటి కొనుటకు సొమ్ము లేక ఆమె మా వద్దకు వచ్చిరి.

ఆ రాతిపేరు పైరైటు. మన రసశాస్త్రములలో మాక్షికమనియు, విమలమనియు చెప్పబడినవి ఈ కుటుంబమునకు చేరినవే. రసరత్నసముచ్చయమున ఆ రెంటిని అష్టమహారసములలో లెక్కించిరి. ఇప్పటి పండితులలో పలువురు బంగారుమాక్షికమును రాగి కలిసిన రాయిగను, విమలమును పైరైటుగను గుర్తింతురు. మాక్షికమనగా తేనె. పేరు పెట్టినవాని కన్నులు ఎంత చక్కనివో చూడుడు. గ్రీకుల భాషలో పైరనగా నిప్పు. ఉక్కుతో కొట్టినచో ఈ రాతినుండి నిప్పురవ్వలు రాలుటచేత ఆ పేరు వచ్చినది. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు దీని పలుచని ముక్కలను రాతిపలకమీద అతికి నునుపుచేసి అద్దములుగా వాడిరి. లోహమును చూడగా బంగారమే. తత్త్వమును చూడగా ఇనుమును గంధకమును కలిసిన సమ్మేళనము. ఆంగ్లేయులు దీనిని మూర్ఖుల బంగారమందురు. ఆ మాట మాత్రము పిన్నిగారి యెదుట మేము పలుకలేదు. ఆమె మూర్ఖురాలు కాదు. అవసరములో నున్న మనిషి.

"దీనిలో బంగారము లేదా అమ్మాయీ?" అని ఆమె మమ్ము అడిగిరి. కొన్ని గనులలో మాక్షికముతో కలిసి బంగారమును దొరకునుగాని ఇందు లేదని వట్టిమాటతో చెప్పిన నమ్మరు. కంసాలి గీటురాయి మన స్త్రీలకు తెలిసినదే. కౌటిల్యుడు అర్థశాస్త్రములో బంగారమును ఒరగల్లుపై గీచి పరీక్షించు విధము విపులముగా చెప్పెను. మా యింట ఒరగల్లు లేదు. పింగాణీ గిన్నె అడుగున మెరుగుపూత లేని అంచు ఆ పనికి చాలును. పిన్నిగారు తన వ్రేలి ఉంగరమును తామే తీసి, భయభయముగా ఒకింత గీచిరి. పసుపుగీత పడినది. తరువాత ఆ రాతిమూలతో గీచిరి. ఆకుపచ్చఛాయగల నల్లనిగీత పడినది. రెండుగీతలు ప్రక్కప్రక్కనే యుండగా మేమెవ్వరమును మాటాడలేదు. ఆమె ఆ గిన్నెను కొంతసేపు త్రిప్పి త్రిప్పి చూచి, "బంగారము కాకపోయిన నేమి? దృష్టి తీసిన సొమ్ము తెచ్చునేమో! మెరుగు పెట్టి చూడరాదా?" అనిరి.

ఆశ ఒక్కగీతతో చెరిగిపోదు. మేమును కాదనలేకపోతిమి.

మా కుమారుడు మాత్రము పెద్దరాతిని ముట్టనని పట్టుబట్టెను. గొలుసునుండి ఊడిపడిన రెండు పూసలను, రాతి అడుగున విరిగిన చిన్నముక్కను మాత్రము పుచ్చుకొనెను. వాని వాదము ఇది. 1812లో మోస్ అను జర్మను పండితుడు ఖనిజములకు గట్టిదనపు వరుస నేర్పరచెను. వజ్రమునకు పది, కురువిందమునకు తొమ్మిది, పలుగురాతికి ఏడు, పైరైటునకు ఆరు మొదలు ఆరున్నర. గోరుకు రెండున్నర. పలుగురాళ్లతో కలిపి వేసినచో పైరైటు ఓడును. పైగా అది పెళుసు. మూలలు చిట్లును. అన్నిటికంటె నీరు దానికి శత్రువు. గాలియు నీరును తగులగా దానిలోని గంధకము గంధకామ్లముగా మారును, ఇనుము త్రుప్పుపట్టును. గంధకామ్లము చేయుటకు పూర్వము కర్మాగారములలో ఈ రాతినే కాల్చెడివారు.

అందుచేత వాడు గరుకుపొడులను మాని, సన్నపొడితోను, దెబ్బ తగులకుండ ప్లాస్టిక్కు గుండ్లతోను, వేరొక బుల్లిపీపాలో ఆ ముక్కలను వేసెను. లోపల వాయువు పుట్టి మూతను తన్నునేమో యని పూటపూటకు పీపాను ఆపి మూత తీసి చూచుచుండెను. రెండవనాటి సాయంకాలము పిన్నిగారు పాలు పోసి వచ్చి పీపా యెదుట పీటవేసికొని కూర్చుండిరి. మూత తీయగానే కాల్చిన అగ్గిపుల్లవంటి వాసన వచ్చినది. నీరు సిరావలె నల్లగా నుండెను. కడిగి చూడగా పూసలమీద మెరుగు కొంత వచ్చినది. రాతిముక్క మూలలు మాత్రము ఎలుక కొరికినట్లు చిట్లినవి. వంటసోడా నీట ముంచి, మంచినీట కడిగి, గుడ్డతో తుడిచి, పంకాగాలికి ఆరబెట్టితిమి. పిన్నిగారి ముఖము వికసించినది. తెల్లవారి చూతుముగదా, మెరుగువచ్చిన పూసలమీద మరల మసక, ముక్క పగుళ్లలో త్రుప్పుచారలు.

ఆమె ఆ పూసలను అరచేత పట్టుకొని, "ఇంకను మా దృష్టి పోలేదు కాబోలు" అనిరి. ఆ మాట మాకు గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొన్నది. సొమ్ము పోయినందుకంటె, తన యింటియందు ఏదో పాపమున్నదని ఆమె నమ్ముట మాకెక్కువ బాధ కలిగించెను.

ఆ ఆదివారము మా యింటివారు పిన్నిగారిని కూడ వెంటబెట్టుకొని భీమునిపట్టణము పోదమనిరి. ఆటోలో అందరము పోయితిమి. భీమునిపట్టణము పాత రేవు. పదునేడవ శతాబ్దిలో డచ్చివారు వర్తకమునకు వచ్చి నిలిచిన చోటు. వారి సమాధులు ఇప్పటికిని ఉన్నవి. 1861లోనే పురపాలకసంఘ మేర్పడిన ఊరు. సముద్రపుటొడ్డున కొంతసేపు నిలిచితిమి. మా కుమారుడు అయస్కాంతమును కాగితములో చుట్టి ఇసుకమీద త్రిప్పగా నల్లని పలుకులు గెడ్డమువలె అంటుకొన్నవి. పిన్నిగారు చంటిపిల్లవలె నవ్విరి.

అక్కడనుండి విశాఖపట్టణపు తోవలో కొద్దిదూరము పోగా ఎఱ్ఱమట్టి దిబ్బలు వచ్చును. చలనచిత్రములలో వానిని చూడనివారు అరుదు. సముద్రము ప్రక్కనే కుంకుమరాసులవంటి దిబ్బలు, వానిని వానలు కోసిన లోతైన గండ్లు, గండ్లలో జీడిమామిడి పొదలు. భారత భూగర్భ సర్వేక్షణశాఖవారు 2014లో దీనిని జాతీయ భూవారసత్వస్థలముగా ప్రకటించిరి. కావున ఇచట ఏరుకొనుట, త్రవ్వుట తగదు. మా కుమారుడు ముందుగనే అందరి సంచులును ఆటోలో పెట్టించెను.

ఇది మన్ను గాదు, ఇసుక. హిమయుగములందు సముద్రము వెనుకకు తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలులు ఎగురవేసి కుప్పలు పోసినవి. ఆ యిసుకలో గార్నెట్టువంటి ఇనుము గల పలుకులు వేలయేండ్లు వానకు ఎండకు శిథిలమై, వానిలోని ఇనుము త్రుప్పై, ప్రతి ఇసుకరేణువునకును ఎఱ్ఱపూత పూసినది. మా యింటివారు బడిపిల్లలకు చెప్పినట్లే విడమరచి చెప్పుచుండగా, పిన్నిగారు వంగి ఒక చిటికెడు ఇసుకను వ్రేళ్లనడుమ నలిపిరి. వ్రేళ్లు ఎఱ్ఱబడినవి. గొలుసు ధరించిన మణికట్టుమీద నెలదినములుగా పోని గోధుమమచ్చ యొకటి యుండెను. ఆమె ఆ మచ్చను, వ్రేళ్లను మార్చిమార్చి చూచుకొనిరి.

"ఇంత దిబ్బకు ఎవరి దృష్టి తగిలినదయ్యా?" అని మా యింటివారిని అడిగిరి.

"ఎవరిదియు కాదు పిన్నీ! ఇనుమున్నది, వానగాలి యున్నది. త్రుప్పు దాని స్వభావము" అని వారనిరి.

"అయితే నా చేతిదియు త్రుప్పే" అనిరి ఆమె. మరల ఇంటికి వచ్చువరకు ఆ మాట యెత్తలేదు. దారిలో మాత్రము మనుమరాలికి నేరేడుపండ్లు కొనిరి.

పదిదినముల తరువాత మాకొక సంగతి తెలిసినది. చిట్టివలసలో వారి పొదుపుసంఘపు స్త్రీలు నెలకొకమారు కూడుదురు. ఆ సంఘములోనే మరి ముగ్గురు అట్టి రాళ్లను తెప్పించుకొనుటకు అప్పు అడుగబోవుచున్నారట. పిన్నిగారు తన రాతిని, ఊడిన పూసలను, మా యింటి పింగాణీ గిన్నెను తీసికొనిపోయి అందరియెదుట రెండు గీతలును గీచి చూపి, తాను పోగొట్టుకొన్న సొమ్మెంతయో చెప్పిరి. సిగ్గుపడలేదా పిన్నీ యని అడిగితిమి. "సిగ్గుకేమి, రెండురాత్రులు నిద్రలేదు. కాని పాలు విరిగినవని తెలిసిన తరువాత పొరుగింటికి పోయగలనా అమ్మాయీ?" అనిరి. ఆ ముగ్గురును అప్పు అడుగుట మానిరి. మనుమరాలి రుసుమునకు కొరతపడిన మొత్తమును సంఘమువారు తక్కువవడ్డీకి ఇచ్చిరి. పోయిన సొమ్ము మాత్రము తిరిగి రాలేదు. అమ్మినవారు ఇప్పుడు ఫోను ఎత్తుట లేదు.

ఆ పెద్దరాతిని పారవేయుదమని ఆమె అన్నప్పుడు మా కుమారుడు ఒప్పుకొనలేదు. "చిన్నమ్మమ్మా! దానిని మోసము చేసినవారు వేరు. రాయి ఏ పాపమెరుగదు. ఇంత సమముగా నాలుగంచులు తీర్చిన పలకలను ఏ సానచక్రమును చేయలేదు. భూగర్భమున తానే పెరిగి అట్లయినది" అనెను. నిజమే. కంటిదగ్గర పెట్టుకొని చూడగా ప్రతిపలకమీదను దువ్వెనతో దువ్వినట్లు సన్నని గీతలు, ప్రక్కపలకమీద వానికి అడ్డముగా మరికొన్ని గీతలు. మెరుగుపెట్టినచో మొదట పోవునది ఆ చక్కదనమే. పలుగురాతికి పీపా మేలు చేయును, ఈ రాతికి కీడు చేయును. దీనిని దీనివలెనే యుండనిచ్చుట మేలు. పొడిగా, మెత్తని కుంచెతో త్రుప్పును దులిపి, ఉన్నదానిని ఉన్నట్లు కాపాడవలెనని వాడు నిర్ణయించెను.

రాళ్లయందు వేడుక గల సోదరీమణులకు ఇచట రెండుమాటలు చెప్పవలసియున్నది. పైరైటును నీట నానబెట్టకుడు, ఉప్పునీట అసలే ముంచకుడు. దృష్టి తీయుటకు ఉప్పునీటను వాడుమని చెప్పువారు దాని ఆయువును తీయుచున్నారు. పొయ్యిమీదగాని నిప్పులమీదగాని పెట్టకుడు. విషవాయువు పుట్టును. చెమటపట్టు చర్మమునకు తగులునట్లు ధరింపకుడు. సముద్రపుగాలి తగులు మన యూళ్లలో దానిని మూతగల డబ్బాలో, చెప్పుల పెట్టెలలో వచ్చు సిలికా జెల్ పొట్లములతో కూడ నుంచవలెను. పెద్ద పెద్ద సంగ్రహాలయములలోకూడ ఈ రాయి చెమ్మకు పొడియైపోవుటను పైరైటు రోగమందురు. వైద్యగ్రంథములలో మాక్షికభస్మము కలదని ఇంట నూరి తినబోకుడు. ఇందు సీసము, పాషాణమువంటి విషములును కలిసియుండవచ్చును.

ఏ రాతినైనను పొడిగా రుద్దకుడు. పలుగురాతి ధూళి ఊపిరితిత్తులను శాశ్వతముగా చెరచును. పీపాలో నీరు పోయుటకు అదియు నొక కారణము. పీపాకు వాడిన గిన్నెను మరల వంటకు వాడరాదు. క్రొత్తగా మొదలిడువారు పలుగురాళ్లతోనే మొదలిడవలెను. గట్టిదనము సమానముగా నున్న రాళ్లనే ఒక పీపాలో వేయవలెను. ఇది మాత్రము కోడళ్లు గల యిండ్లలోని అత్తగార్లు కూడ జ్ఞాపకముంచుకొనదగిన మాట.

ఇక ధనాకర్షణపు రాయియని ఎవరైన మీ గుమ్మమునకుగాని ఫోనులోనికిగాని తెచ్చినచో, ఒక పింగాణీ గిన్నెను బోర్లించి గీచి చూడుడు. బంగారమైనచో గీత పసుపు. అప్పుడును అమ్మువాడు దానిని మనకేల అమ్ముచున్నాడో ఆలోచింపుడు. ఒంగోలు ప్రక్కనున్న చీమకుర్తి నల్లరాతిలోని తళుకులను చూచి బంగారమని మురియువారిని మేమెరుగుదుము. అవి బ్రాంజైటు అను ఖనిజపు తళుకులు. తళుకును చూచి మురియుట తప్పు గాదు. మురిపెమునకు ఎంత వెల కట్టవలెనో ముందుగా తెలిసికొనవలెను.

మొన్న పిన్నిగారి యింటికి పోయితిమి. మనుమరాలు దాదిచదువులో చేరినది. గోడగూటిలో బిస్కట్ల రేకుడబ్బా యొకటి కనబడెను. తెరచి చూడగా సిలికా పొట్లముల నడుమ ఆ రాయి. ప్రక్కనే మా పీపాలో నెలదినములు తిరిగిన గోస్తనీ పలుగురాయి, తడియారని తేనెచారతో. పిల్లలు వచ్చినప్పుడు రెండింటిని చూపి, ఏది నీటికి ఓర్చునో చెప్పుడని ఆమె అడుగుచుందురట. మేము డబ్బాను త్రిప్పి చూచితిమి. ఇనుపరేకుమీద త్రుప్పుపట్టకుండ పూసిన తెల్లని పూత అట్లే నిగనిగలాడుచున్నది. ఆ పూత తగరము. మా తగరపువలసచెంత తగరము ఈవిధముగానైన పనికివచ్చినదని నవ్వుకొంటిమి.